వాయనం ముందు, కథ తర్వాత

నేను ఉద్యోగ విరమణ చేయడానికి ముందు ఏడాది, ఆగస్టు నెల మొదటి వారంలో, దోహాలోని మా గ్రంథాలయంలో నాకొక ప్రత్యేక బాధ్యత అప్పగించారు. జర్మనీ నుంచి వస్తున్న లాటిన్ ప్రొఫెసరు గారికి మా దగ్గరున్న ఒక పాత చేతిరాత ప్రతి చూపించాలి. ఆవిడ చదువుతున్నంతసేపూ పక్కనే కూర్చోవాలి. అడిగిన ఫొటోలు తీయించాలి. ఆవిడ వెళ్ళాక ప్రతి ఏ స్థితిలో ఉందో నివేదిక రాయాలి. అప్పటికి నా హోదా సీనియర్ కన్సర్వేటరు. అంటే పాత కాగితానికీ చర్మపత్రానికీ పట్టిన రోగాలు కుదిర్చే మనిషినన్నమాట. ఆగస్టులో దోహాకి ఎవరూ రారు, ఉన్నవాళ్ళే టికెట్టు దొరికితే పారిపోతారు. ఆ ఎండల్లో డెబ్బై ఏళ్ళావిడ ఎందుకొస్తున్నారా అనుకుంటూ ఉండగానే ఆవిడ రానే వచ్చారు. నవ్వుతూ వచ్చారు. వెళ్ళేదాకా ఆ నవ్వు ఆపలేదు.

ఆవిడ పేరు ప్రొఫెసర్ గెర్లిండ్ వైస్‌బాహ్. మా తలుపు చట్రానికి తల తగులుతుందేమో అన్నంత పొడుగు. రీడింగ్ రూములో గట్టిగా మాట్లాడకూడదని గోడ మీద మూడు భాషల్లో రాసి ఉంటుంది. ఆవిడకి ఆ మూడూ వచ్చు, అయినా లాభం లేకపోయింది. చేతిరాత ప్రతిలో తప్పు దొరికిందంటే చాలు, "హా!" అని ఒక్క కేక. మొదటిరోజు ఆ కేకకి పక్క బల్ల దగ్గర అరబ్బీ ప్రతి చదువుకుంటున్న పెద్దాయన పెన్సిలు జారవిడిచారు.

ఆవిడ చేసే పనిని పాఠ పరిష్కరణ అంటారు. పాత రోమనులు తమ చేత్తో రాసుకున్న పుస్తకాలేవీ ఇప్పుడు లేవు. మనకున్నవన్నీ కాపీకి కాపీలు, వాటికి మళ్ళీ కాపీలు. రాసే లేఖకుడు నిద్రలో ఒక పంక్తి వదిలేస్తాడు, తరువాతివాడు ఆ లోపాన్నే శ్రద్ధగా ఎక్కించుకుంటాడు. పరిష్కర్త దొరికిన ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి, అసలు రచయిత ఏం రాసి ఉంటాడో తేల్చాలి. ఇందులో ఒక గొప్ప సూత్రం ఉంది. ఒప్పులు ఎవరైనా రాస్తారు కాబట్టి వాటితో చుట్టరికం తెలియదు. రెండు ప్రతుల్లో ఒకే తప్పు ఉంటే మాత్రం ఆ రెండూ ఒక తల్లి పిల్లలు. అలా తప్పుల్ని పట్టుకుని ప్రతులకు వంశవృక్షం గీస్తారు.

ఆవిడ పరిష్కరిస్తున్నది ఒక రోమన్ రైతు రాసిన వ్యవసాయ గ్రంథం. రచయిత పేరు కూడా మిగల్లేదు. విద్యార్థినిగా ఉన్నప్పుడు మొదలుపెట్టారట, పెళ్ళి, ఇద్దరు పిల్లలు, విడాకులు, ఉద్యోగ విరమణ, అన్నీ ఆ పుస్తకం పక్కనే జరిగిపోయాయన్నారు. దాని లేఖకులందరికీ ఆవిడ ముద్దుపేర్లు పెట్టుకున్నారు. తెలుగులో చెప్పాలంటే ఒకడు నిద్రమొహం, ఒకడు తొందరపాటు, ఒకడు తాగుబోతు. వీళ్ళతో ఏ ప్రమాదమూ లేదట. వీళ్ళ తప్పులు తప్పుల్లాగే కనబడతాయి. అసలు ప్రమాదం "పండితుడు" అనేవాడితోనట. వాడు చదువుతూ, ఇదేదో తేడాగా ఉందే అనుకుని, తన తెలివితో సరిదిద్దేస్తాడు. వాడు దిద్దింది ఎంత చక్కగా ఉంటుందంటే ఎవరికీ అనుమానం రాదు.

"పండితుణ్ణి పట్టుకోవడానికే నా జీవితం అయిపోయింది, సుభద్రా," అన్నారు. మేం మాట్లాడుకున్నది ఇంగ్లీషే, ఆవిడ మాటల్ని ఇక్కడ తెలుగు చేసి రాస్తున్నాను.

ఇక ఆవిణ్ణి ఆగస్టులో దోహాకి రప్పించిన సంగతి. ఆ గ్రంథంలో విత్తనాలు వేసే రోజు గురించి ఒక ఘట్టం ఉంది. అన్ని ప్రతుల్లోనూ ఇలా ఉంటుంది: ఎద్దుల్ని కాడికి కట్టిన తరువాత పనివాళ్ళకు గంజీ ద్రాక్షసారా ఇవ్వాలి, ఆపైన దేవతకు నైవేద్యం పెట్టి ప్రార్థన చదవాలి. ఈవిడకి ముప్పై దాటాయో లేదో, ఆ వయసులో ఒక మాట అన్నారు. ఇది తిరగబడింది. ఎప్పుడో ఒక తల్లి ప్రతిలో మడతపెట్టిన చర్మపత్రపు ఆకు ఒకటి ఊడిపోయి, దాన్ని తప్పు చోట పెట్టి కుట్టారు, అందుకే రెండు ముక్కలు తారుమారయ్యాయి. దేవుడికి పెట్టకుండా కూలీలకి పెట్టే రోమన్ రైతు ఎక్కడైనా ఉంటాడా? ఉండడని, నైవేద్యాన్ని ముందుకీ గంజిని వెనక్కీ జరిపి అచ్చు వేశారు. దాంతో పేరు వచ్చింది. ఆ తరువాత వచ్చిన అనువాదాలన్నీ ఆవిడ క్రమాన్నే అనుసరించాయి.

అందరూ ఒప్పుకున్నారు, ఒక్కడు తప్ప. ఆ ఒక్కడు ఆవిడ సొంత శిష్యుడు, మథియాస్. ఇన్ని వందల ఏళ్ళు ఇంతమంది చదివారు, అది నిజంగా తప్పయితే ఒక్కరైనా గుర్తుపట్టరా అని ఒక పత్రికలో రాశాడు. అప్పటినుంచి ఆవిడ అతనితో మాట మానేశారు. ఇప్పుడు ఆవిడ ఆఖరి పరిష్కరణ అచ్చుకు సిద్ధమైంది. సోమవారం నాటికి చివరి ప్రూఫు ప్రచురణకర్తకి పంపాలి. ఈ గ్రంథాన్ని మళ్ళీ ఒకరు మొదటినుంచీ పరిష్కరించాలంటే ఇంకో వంద ఏళ్ళు పడుతుంది. అంటే ఆవిడ ఏ క్రమంలో అచ్చు వేస్తే వందేళ్ళు లోకం ఆ క్రమంలోనే చదువుతుంది. మిగిలిన ప్రతులన్నీ ఆవిడ చూసేశారు. ఇదొక్కటే ఈమధ్య వేలంలో బయటపడి, అరబ్బీ వ్యవసాయ గ్రంథాల సరసన ఉంచడానికని మా దగ్గరికి చేరింది.

"నా పేరు నిలబడేదీ పోయేదీ మీ బల్ల మీదే," అని ఆవిడ మళ్ళీ నవ్వారు.

మా పద్ధతి చెబుతాను. ప్రతిని బల్ల మీద బార్లా తెరిచి పరచకూడదు, వీపు విరుగుతుంది. రెండువైపులా వాలుగా స్పాంజి దిమ్మలు పెట్టి, వాటి ఒడిలో పడుకోబెట్టాలి. పేజీ లేవకుండా సీసపు గుళ్ళు నింపిన గుడ్డ తాడు అడ్డంగా వేయాలి. సినిమాల్లోలాగా చేతి తొడుగులు వేసుకోరు. తొడుగు వేసుకుంటే వేళ్ళకి స్పర్శ పోయి ఆకు చిరుగుతుంది, సబ్బుతో కడిగి ఆరబెట్టిన చేయి చాలు. ఇదంతా చెబుతుంటే ప్రొఫెసరు గారు బుద్ధిగా రెండు చేతులూ చాపి, బడిపిల్లలా నాకు గోళ్ళు చూపించారు. ఏం మనిషండీ బాబూ!

ఆవిడ ఆశ ఏమిటంటే, రెండు ముక్కలూ కలిసేచోట ఈ లేఖకుడు కాస్త తడబడి ఉంటాడని. చర్మపత్రం మీద రాసింది చెరపాలంటే కత్తితో గీకాలి. గీకిన చోటు కంటికి కనబడకపోయినా అతినీలలోహిత కాంతిలో బయటపడుతుంది. ఆ ఫొటోలు తీసేది మా ఖలీల్. నిజామాబాద్ మనిషి, ఇమేజింగ్ టెక్నీషియన్, ఎంత పెద్ద పండితుడు ఎదురుగా ఉన్నా కంగారుపడని రకం. చీకటి గదిలో గంటసేపు తీసి, తెరమీద చూపించి, నావైపు తిరిగి చెప్పాడు.

"మాఫీ మేడం. ఏం గీకలే, ఏం తుడ్వలే. సిరా గూడ మారలే. సాఫ్‌గ రాస్కుంట పోయిండు."

మాఫీ అంటే ఇక్కడి అరబ్బీలో ఏమీ లేదని. నేను ఇంగ్లీషులో చెప్పగానే ప్రొఫెసరు గారు చప్పట్లు కొట్టారు. "చూశావా! నిద్రమొహం! గమనించనే లేదు!" అన్నారు. తడబడి ఉంటే తడబడ్డాడని రుజువు, తడబడకపోతే గమనించలేదని రుజువు. ఎటు తిరిగినా ఆవిడే గెలిచేట్టుంది. నేను మాత్రం నివేదికలో "చెరిపిన ఆనవాళ్ళు లేవు" అని రాసుకున్నాను. మా వృత్తిలో అంతకుమించి రాయడానికి వీల్లేదు.

ఆ సాయంత్రం ఫైళ్ళు సర్దుకుంటుంటే, మీ మతంలో అయితే దేవుడికి ముందా, మనుషులకి ముందా అని అడిగారు. అడగాలా, ఆ రెండురోజుల్లో వచ్చే శుక్రవారమే మా ఇంట్లో వరలక్ష్మీ వ్రతం. ఉత్సాహంగా అంతా వివరించాను. పూజ చేస్తాం, తోరం కట్టుకుంటాం, చేతిలో అక్షతలు పట్టుకుని కథ వింటాం. కథ మధ్యలో ఎవరూ లేవకూడదు. కథయ్యాక అక్షతలు తలమీద వేసుకుని, అప్పుడు వచ్చిన ముత్తయిదువులకి వాయనం ఇస్తాం, అంటే తాంబూలం, శనగలు, రవికెల గుడ్డ. బందరులో మా అమ్మ ఏనాడూ ఈ వరస తప్పలేదు, ముందు దేవుడే అని చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. నేను వస్తాను అన్నారు. అడగలేదు, చెప్పారు.

శుక్రవారం మధ్యాహ్నం ఖలీల్ ఆవిణ్ణి తన కారులో అల్ తుమామాలోని మా ఫ్లాటుకి తీసుకొచ్చాడు. తాను కింద స్నేహితుడి దుకాణంలో ఉంటానన్నాడు. "పులిహోర మర్వకుండ్రి మేడం," అని హెచ్చరించి మరీ వెళ్ళాడు. పైన పట్టుచీరల్లో పదిహేనుమంది దాకా ఉన్నారు. ప్రొఫెసరు గారికి కుర్చీ వేస్తే వద్దని, ఆ పొడుగు కాళ్ళు ఎలా మడిచారో ఏమో, మా అందరి మధ్యా చాప మీద కూలబడ్డారు. మా పక్క ఫ్లాటు స్వప్న ఆవిడకి బొట్టు పెట్టి, తోరం కట్టింది. స్వప్నది కరీంనగర్, ఒక కంపెనీలో అకౌంటెంటు, నోరు మంచిది గానీ మెల్లగా మాట్లాడటం రాదు.

పూజ అయింది. తోరాలయ్యాయి. నేను లేచి పళ్ళెం పట్టుకుని వరసగా వాయనాలు ఇస్తూ ప్రొఫెసరు గారి దగ్గరికి వచ్చాను. ఆవిడ రవికెల గుడ్డ అందుకుంటూ తల పైకెత్తి అడిగారు. "కథ ఎప్పుడయింది? నాకు తెలియలేదే."

"ఇంకా కాలేదండీ. ఇప్పుడు చదువుతాం."

"కానీ కథ తర్వాతే వాయనం అన్నావు కదా?"

అయ్యో రామ! పళ్ళెం చేతిలో ఉంది, నేను నిలబడిపోయాను. అన్నాను, నిజమే. బందరులో అలాగే చేసేవాళ్ళం, అదీ నిజమే. దోహా వచ్చిన దగ్గర్నుంచీ మా ఇంట్లో ప్రతి శ్రావణంలో వాయనం ఇచ్చేసి ఆ తర్వాతే కథ చదువుతున్నాను, అదీ నిజమే! ఒక్క ఏడాదైనా నాకు తట్టలేదు. పుస్తకంలో ఎలా ఉంటే అలా చేసుకుపోయాను.

"దోహాలో ఇంతేనండీ," అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా.

"ఎందుకు?"

ఇక చూడండి. ఎవరికి వాళ్ళు కారణం చెప్పడం మొదలుపెట్టారు. వచ్చిన ముత్తయిదువే లక్ష్మి కాబట్టి ఆమెకి ముందు ఇవ్వాలని ఒకరు. సముద్రం దాటి వచ్చినవాళ్ళకి వరస మారుతుందని వాళ్ళ పురోహితుడు చెప్పాడని ఇంకొకరు. కడుపు నిండితే కథ మీద మనసు నిలుస్తుందని మరొకరు. స్వప్న మాత్రం, "మా అత్తగారింట్ల గిట్ల చెయ్యరు, గనీ ఈడ అందరు చేస్తున్నరని నేను గూడ చేస్తున్న," అని తేల్చేసింది. ప్రొఫెసరు గారు ఒక్కొక్కరి వైపూ తిరుగుతూ, తర్జుమా చెయ్యి తర్జుమా చెయ్యి అని నా మోచేయి లాగుతున్నారు. ఆవిడ కళ్ళు చూస్తే నాకు భయమేసింది. గదిలో ఎక్కడో ఒక తప్పు వాసన తగిలిన కళ్ళు అవి.

"పుస్తకాలు చూపించండి," అన్నారు.

"కథ అయ్యేదాంక లేవద్దు మేడం, పాపం తగులుతది," అంది స్వప్న, భుజం పట్టి కూర్చోబెట్టింది. చారుమతి కథ నడుస్తున్నంతసేపూ ఆ మహాతల్లి అక్షతలు గుప్పిట్లో బిగించుకుని, మూత పెట్టిన కుక్కర్లా కదిలిపోయారు. హారతి పళ్ళెం ఇటు దించామో లేదో, అటు అందరి వ్రతకల్పాలూ లాగేసుకున్నారు. జిరాక్సు ప్రతులు ఎనిమిది, ఫోన్లలో స్కాన్ చేసినవి మిగతావి. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు ఆవిడకి. అవసరం కూడా పడలేదు. అన్నిటినీ మా సోఫా మీద వరసగా పరిచి, ఒకసారి అటూ ఇటూ చూసి, "హా!" అన్నారు. మా పూజగదిలో గంట మోగినట్టయింది.

వాయనం పేజీ కథకి ముందుంది, అన్నిటిలోనూ. పేజీ అంకెలు మాత్రం ఎగిరి దూకుతున్నాయి. అంతకంటే విచిత్రం, అన్ని ప్రతుల్లోనూ అదే పేజీ కింది మూల బొటనవేలంత బూడిదరంగు మరక! ఎప్పుడో ఎవరో పసుపు చేత్తో పట్టుకున్న పేజీ. ఆ పసుపు జిరాక్సులో మరకై, ఆ మరక ఇంకో జిరాక్సుకెక్కి, చివరికి ఫోన్లలోకి కూడా చేరింది. ఇన్నేళ్ళూ నేనది ముద్రాయంత్రం లోపం అనుకున్నాను. పాత కాగితాలు చూసి జీతం తీసుకునే మనిషిని!

"ఒకే తల్లి! వీటన్నిటికీ ఒకే తల్లి!" అని ఆవిడ పేపరు ప్లేటు ఒకటి తిప్పి, వెనకవైపు వంశవృక్షం గీయడం మొదలుపెట్టారు. మీది ఎవరి దగ్గర తీసుకున్నారు, వాళ్ళది ఎవరిది అని ఒకటే ప్రశ్నలు. పదిహేనుమంది ఆడవాళ్ళు చేతుల్లో పులిహోర ప్లేట్లతో ఆవిడ చుట్టూ మూగి, నాది పద్మది, పద్మది వాళ్ళ తోటికోడలిది అంటూ కేకలు. నవ్వలేక కడుపు పట్టుకున్నాం. ఆవిడ మాత్రం ఊగిపోతున్నారు. ఏ ఆకో తప్పు చోట పెట్టారు, చదువుకున్న ఇంతమంది ఏళ్ళ తరబడి గమనించలేదు, పైగా ప్రతి ఒక్కరూ తప్పుకి ఒక అందమైన కారణం కల్పించారు! మథియాస్ రావాలి, వాడొచ్చి ఈ సోఫా చూడాలి!

గీతలన్నీ పైకి పైకి పోయి ఒకచోట కలిశాయి. "ఇది రాజ్యలక్ష్మమ్మది," అంది స్వప్న.

రాజ్యలక్ష్మి గారు ఇక్కడొక ఆసుపత్రిలో మేట్రన్‌గా పనిచేసి ఎప్పుడో విరమించినావిడ. ఎనభై దాటాయి. ఉమ్ ఘువైలినాలో కూతురి దగ్గర ఉంటారు. మోకాళ్ళ నొప్పులతో ఈ ఏడాది రాలేకపోయారు. ఈ సంగతి చెప్పగానే ప్రొఫెసరు గారు ప్లేటు కింద పెట్టేశారు.

"బతికే ఉన్నారా?"

"భేషుగ్గా ఉన్నారు."

"నా లేఖకులంతా చచ్చి వందల ఏళ్ళయింది, సుభద్రా. ఒక్కణ్ణయినా ఇలా ఎందుకు చేశావురా అని అడగలేకపోయాను. ఈవిడ బతికి ఉన్నారు! యల్లా, పదండి!"

రాలేనివాళ్ళకి వాయనం ఇంటికి చేర్చడం మామూలే కాబట్టి నాకు సాకు కూడా దొరికింది. ఖలీల్‌కి ఫోను చేశాను. అతనికి ముందు రెండు డబ్బాల పులిహోర ఇచ్చి, తర్వాత విషయం చెప్పాను. "తప్పు ఎవలు చేసిండ్రో అడ్గనీకి పోతున్నమా పండుగపూట? ఆమె మేట్రన్ మేడం, జర సంభాల్కే!" అన్నాడు, కారు తీస్తూ.

రాజ్యలక్ష్మి గారు సోఫాలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉన్నారు. వాయనం కళ్ళకద్దుకున్నారు. ప్రొఫెసరు గారిని పైనుంచి కిందికి చూసి, "బొట్టు బాగుంది," అన్నారు. నేను సంగతి చెప్పి, ఆ పేజీలు ఎప్పుడు కలిసిపోయాయో ఏమైనా గుర్తుందా అత్తయ్యగారూ అని మర్యాదగా అడిగాను.

"కలిసిపోవడం ఏమిటే, నా మొహం! కత్తెరతో కోసి, మైదా జిగురుతో అంటించింది నేనే. ఆ మరక నా వేలిదే."

తర్జుమా చేశాను. ఎందుకని అడుగు, అడుగు అని ప్రొఫెసరు గారు నా మోచేయి లాగారు.

రాజ్యలక్ష్మి గారు వచ్చిన కొత్తల్లో వ్రతం నర్సుల హాస్టల్లో జరిగేదట. శుక్రవారం ఊరికి సెలవు గానీ వార్డులకి ఉండదు కదా. మధ్యాహ్నం డ్యూటీ బస్సు గేటు దగ్గరికొచ్చి హారను కొడుతుంది. కథ మధ్యలో లేవకూడదు, కథయ్యాక గానీ వాయనం లేదు. "ఏలూరు పిల్ల ఒకతి, కొత్తగా పెళ్ళయి వచ్చింది. బస్సు కోసం కథ మధ్యలో లేచి, వాయనం లేకుండా పోయింది. ఇంక చూస్కో, అమ్మవారికి కోపం వచ్చిందని సాయంత్రమంతా ఏడుపే. వెక్కివెక్కి ఏడుస్తూ మాత్రలు పంచింది. పేషెంట్లంతా తమకేదో అయిపోయిందని హడలి చచ్చారు! డాక్టరు నన్ను పిలిచి అడిగాడు. మర్నాడు కత్తెర తీశా. వాయనం ముందు. డ్యూటీ ఉన్న పిల్లలు పుచ్చుకుని పోతారు, కథ మొదలెట్టాక ఎవ్వరూ లేవక్కర్లేదు. పోయిన పిల్లలకి బస్సులో ఎవరో ఒకరు కథ చెప్పేసేవాళ్ళు."

శాస్త్రం ఒప్పుకోదని ఎవరూ అనలేదా అని అడిగాను.

"ఎవరంటారు? నేను మేట్రన్‌ని."

ఇదంతా నేను ఇంగ్లీషులో చెప్పేసరికి ప్రొఫెసరు గారు ముందు నవ్వారు. సోఫా కదిలేలా నవ్వారు. రాజ్యలక్ష్మి గారికీ నవ్వొచ్చింది, తలుపు దగ్గర నిలబడ్డ ఖలీల్‌కీ వచ్చింది. అంతలో ప్రొఫెసరు గారు ఉన్నట్టుండి ఆగిపోయారు. పెదాలు కదుపుతూ ఏదో గొణుక్కున్నారు. నేను దగ్గరికి వంగితే వినబడింది.

"బూబుస్ యుంక్తిస్."

ఎద్దుల్ని కాడికి కట్టిన తరువాత. రీడింగ్ రూములో నాకు చదివి వినిపించిన వాక్యంలో మొదటి మాట. ఆ మాట మీద చిన్న వయసులో తాను పేజీ అడుగున ఒక ఫుట్‌నోటు రాశానన్నారు. ఇది సమయసూచన మాత్రమే, ప్రత్యేక ప్రాముఖ్యం లేదు అని.

"ఎద్దులు కట్టేసి ఉన్నాయి, సుభద్రా," అన్నారు. "పొలానికి పోవడానికి నిలబడి ఉన్నాయి. ఆ మనుషుల బస్సు గేటు దగ్గరుంది. గంజి తాగి వాళ్ళు పోతారు, ప్రార్థన యజమాని వెనక నిదానంగా చదువుకుంటాడు. ఆ రైతు ఏ తప్పూ చేయలేదు. ఏ ఆకూ ఊడిపోలేదు. పండితుడు దొరికాడు. నేనే."

ముప్పై ఏళ్ళు దాటీ దాటని వయసులో సంపాదించుకున్న పేరు, వంద ఏళ్ళ కోసం వేస్తున్న అచ్చు, సోమవారం గడువు! ఇదేం రుజువు కాదు కదండీ అన్నాను, ఓదార్పుగా. కాదు అని ఆవిడా ఒప్పుకున్నారు. దోహాలో నర్సులు చేసినదాన్నిబట్టి రోమ్‌లో రైతు చేసింది తేలదు. కానీ తాను చూపించినదీ రుజువు కాదని, దేవుడికే ముందు పెట్టాలన్న తన నమ్మకం తప్ప అందులో ఇంకేం లేదని అన్నారు. రెండువైపులా రుజువు లేనప్పుడు ప్రతుల్లో ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచాలి. అది తమ వృత్తిలో మొదటి నియమమట. తరగతిలో మొదటిరోజు తానే చెప్పే నియమమట.

ఆ తరువాత సంచిలోంచి ఫోను తీసి, రాజ్యలక్ష్మి గారి సోఫాలోనే కూర్చుని, మథియాస్‌కి ఫోను చేశారు. అవతల ఎత్తాడు. ఈవిడ మొదలుపెట్టారు, జర్మను భాషలో, రీడింగ్ రూమును హడలగొట్టిన గొంతుతో. మధ్యలో వాయనమ్ అన్న మాట, రాజ్యలక్ష్మి అన్న మాట, రెండుసార్లు "హా!" నాకు అర్థమయ్యాయి. అవతలినుంచి నవ్వు ఫోను దాటి మా అందరికీ వినబడింది. ఈవిడ కళ్ళు తుడుచుకున్నారు.

"ఏమంటోందే?" అన్నారు రాజ్యలక్ష్మి గారు.

"మీ కత్తెర గురించే చెబుతున్నట్టున్నారు అత్తయ్యగారూ."

"కలిసిపోయిండ్రు తియ్యి," అన్నాడు ఖలీల్, రెండో డబ్బా మూత తీస్తూ.

సోమవారం ప్రూఫు వెళ్ళింది. మరుసటి ఏడాది, నా ఉద్యోగం చివరి నెలల్లో, పుస్తకం మా గ్రంథాలయానికి వచ్చింది. లాటిన్ నాకు రాదు. ఖలీల్, నేను ఆ పేజీ వెతికి పట్టుకుని, మా లాటిన్ కేటలాగరు చేత చదివించాం. పాఠంలో ఎద్దులు, గంజి, ఆపైన నైవేద్యం, ప్రతుల్లో ఉన్న వరసలోనే ఉన్నాయి. ఇలాంటి పుస్తకాల్లో ప్రతి పేజీ అడుగునా సన్నటి అక్షరాల్లో పాత పరిష్కర్తలు ఎవరేం మార్చారో పేర్లతో సహా రాస్తారు. తాము తిరస్కరించిన దిద్దుబాటు మరీ పొరపాటైతే పక్కన "పెర్పెరమ్" అని వేస్తారు. తప్పుగా, అని అర్థం. పోయిన పండితుల పేర్ల పక్కన వేసే మాట అది. ఆ పేజీ అడుగున ఇలా ఉంది: వరస మార్చినది వైస్‌బాహ్, పెర్పెరమ్.

తన పేరు పక్కన తానే ఆ మాట వేసుకున్న పరిష్కర్తని తన సర్వీసులో చూడలేదన్నాడు కేటలాగరు.

ఆ ఉదంతం తరువాత నా నివేదికల్లో "లోపాలు" అనే శీర్షిక తీసేసి "మార్పులు" అని పెట్టమని మా విభాగాధిపతికి రాశాను, ఆయన ఒప్పుకున్నారు. ఇప్పుడు విజయవాడలో ఉంటున్నాను. వ్రతానికి మా గేటు దగ్గర ఏ బస్సూ ఆగదు కాబట్టి కథయ్యాకే వాయనం ఇస్తున్నాను. పాత జిరాక్సు మాత్రం పారేయలేదు. మరక ఉన్న పేజీ అంచున, "నర్సుల డ్యూటీ బస్సు కోసం మార్చినది, రాజ్యలక్ష్మి గారు" అని పెన్సిలుతో రాసి ఉంచాను. నాకు తెలిసింది ఇంతే. ఏదైనా మార్చేవాళ్ళు కారణం పక్కన రాసిపెట్టాలి. వాళ్ళు రాయకపోతే, తరువాత చూసేవాళ్ళు తప్పని రాసేముందు, గేటు దగ్గర ఎవరి కోసం ఏ బస్సు ఆగి ఉందో కనుక్కోవాలి.